మంచు కరగిన పిదప

ఆల్ప్స్ పర్వతములను తలచినంతనే మన కనులయెదుట తెల్లని మంచు మెదలును. ఆ మంచుపై కాళ్ళకు పొడవైన పలకలు తగిలించుకొని రివ్వున జారుచు దిగు మనుష్యులు మెదలుదురు. కాని ఆ మంచు వైభవము ఏటికి నాలుగైదు మాసములే. తక్కిన కాలమున ఆ కొండలపై ఏమి జరుగును? మంచునే నమ్ముకొని కట్టిన వసతిగృహములు, తీగమార్గములు, అంగళ్ళు వేసవిలో తలుపులు మూసికొని కూర్చుండవలసినదేనా? ఈ ప్రశ్నకు కొన్ని గ్రామములు సైకిలుతో సమాధానము చెప్పినవి.

ఫ్రాన్సు దేశమున, స్విట్జర్లాండు సరిహద్దునకు చేరువగా, లే జె అను గ్రామము కలదు. అది సముద్రమట్టమునకు 1,172 మీటర్ల ఎత్తున నున్నది. దాని పొరుగూరు మోర్జీన్. ఈ రెండును, సరిహద్దునకు ఇరువైపుల నున్న మరికొన్ని ఊళ్ళును కలసి పన్నెండు స్థలముల స్కీ క్షేత్రముగా ఏర్పడినవి. దాని పేరు పోర్త్ ద్యు సొలేయ్, అనగా సూర్యద్వారములు. శీతకాలమున స్కీ ఆటగాండ్రను శిఖరములకు మోసిన వేలాడు కుర్చీలే జూన్ మొదలు సెప్టెంబరు వరకు సైకిళ్ళను మోయును. సైకిలును కొక్కెమునకు తగిలించి, మనిషి కుర్చీలో కూర్చుండును. ఎక్కు శ్రమ యంత్రముది; దిగు ఆనందము మనిషిది. ప్రపంచ పర్వత సైకిలు పోటీలు లే జె గ్రామముననే 2004లో ఒకమారు, 2022లో మరియొకమారు జరిగినవి.

ఈ ఆట పుట్టినది మాత్రము ఆల్ప్స్‌లో కాదు. 1970 దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ కౌంటీ యువకులు పాతబడిన బరువు సైకిళ్ళపై కొండదారులు దిగసాగిరి. 1976లో వారు ఆరంభించిన పందెమునకు రీప్యాక్ అని పేరు. ఒక్కమారు దిగువరకు వెనుక చక్రపు బ్రేకు కాగి అందలి గ్రీజు పొగయై పోయెడిది. మరల క్రొత్త గ్రీజు కూరవలసి వచ్చెడిది. ఆ కూరుటనుబట్టియే ఆ పేరు. 1990లో కొలరాడోలోని డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగినవి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటకు చోటు దొరకినది. నేటి పర్వత సైకిలునకు ముందు వెనుకల కుదుపును మ్రింగు స్ప్రింగులు కలవు. నూనె యొత్తిడితో పట్టు డిస్కు బ్రేకులు కలవు. దిగువాడు ముఖమంతయు కప్పు శిరస్త్రాణమును, మోకాళ్ళకు, మోచేతులకు కాపులను ధరించును.

బాటలకు స్కీ వాలులవలెనే రంగుల గుర్తులు కలవు. ఆకుపచ్చ బాట పిల్లలకు, క్రొత్తవారికి. నీలము కొంత అలవాటైన వారికి. ఎరుపు ఆరితేరిన వారికి. నలుపు బాటలో వేళ్ళు, రాళ్ళు, నిలువు దిగుళ్ళు ఎదురగును. రంగును గమనింపక బాటపట్టుట లోతెరుగక ఏటిలో దిగుటవంటిది.

అయితే స్కీకిని సైకిలునకును ముఖ్యమైన భేదమొకటి కలదు. మంచుమీద పడిన గీత వసంతమున మంచుతోడనే కరగిపోవును. మట్టిమీద పడిన గీత నిలిచియుండును. వానలో బండిచక్రము దిగబడిన గాడి యందు నీరు చేరి, తుదకు ఆ గాడియే కాలువయగుట మన పల్లెవారు ఎరుగని సంగతి కాదు. కొండవాలున ఆ నీటికి వేగము తోడగును. శిఖరమునుండి తిన్నగా క్రిందికి వేసిన బాట కొన్ని వానలకే వాగుగా మారును.

కావుననే బాట నిర్మాత మొదట చదువవలసినది నీటి నడకను. అతడు బాటను వాలునకు అడ్డముగా, మెలికలుగా నడిపించును. బాట వాలు కొండ వాలులో సగమునకు మించరాదని ఈ పనివారిలో ఒక సూత్రము. అక్కడక్కడ బాటను పల్లమునకు దింపి మరల కొంచెము పైకెత్తుదురు. నీరు ఆ పల్లముననే ప్రక్కకు తప్పుకొని గడ్డిలో ఇంకిపోవును. మలుపున వెలుపలి అంచును ఎత్తుగా కట్టుదురు. చక్రము ఆ గట్టును ఆనుకొని తిరుగుటచే బ్రేకు పట్టవలసిన అవసరము తగ్గును. బ్రేకు గట్టిగా పట్టినచోట చక్రము నేలను గీరును; పదిమంది అదేచోట పట్టినచో నేల అలలు అలలుగా లేచును. కనుక దిగువానికి సుఖమైన బాటయే నేలకును క్షేమమైన బాట. ఈ రెండు ప్రయోజనములును ఒకచోట కలియుట ఈ విద్యలోని అందము.

ఈ కొండలు సైకిళ్ళవి మాత్రమే కావు. స్కీ రాకముందు ఈ లోయలు పశువులమీద బ్రతికినవి. నేటికిని వేసవిలో ఆవులు ఎత్తైన పచ్చికబయళ్ళకు మేతకు ఎక్కును. వాని పాలతోనే రెబ్లోషాఁ, అబోఁదాఁస్ అను పేరుగల జున్నుగడ్డలు తయారగును. బాట విడిచి ఒకడు అడ్డదారిన దిగినచో, ఆ జాడను మరి పదిమంది అనుసరింతురు. పశువుల మేత చక్రముల క్రింద నశించును. తడికతలుపు తీసినవాడు మరల మూయవలెను; నడచువారి కొరకు వేగము తగ్గింపవలెను.

ఇంత జాగ్రత్త ఏల యనగా, ఈ గ్రామములకు వేసవి ఇక వినోదమాత్రము కాదు. 19వ శతాబ్ది చివరినుండి ఆల్ప్స్ ప్రాంతపు ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు పెరిగినది. 2023 జనవరి మొదటి దినములలో దిగువ ఎత్తుల స్కీ వాలులు అనేకము మంచులేక పచ్చికతో కనబడినవి. ఆ యేడే ప్రకటితమైన ఒక పరిశోధన యూరోపులోని 2,234 స్కీ క్షేత్రములను పరిశీలించినది. భూతాపము పారిశ్రామిక యుగపూర్వ స్థాయికంటె 2 డిగ్రీలు పెరిగి, యంత్రములతో మంచు కురిపింపనియెడల, వానిలో 53 శాతము మిక్కిలి తీవ్రమైన మంచుకొరతకు లోనగునని తేల్చినది. 4 డిగ్రీలు పెరిగినచో ఆ సంఖ్య 98 శాతము.

సైకిలు మంచునకు బదులు కాజాలదు. వేసవి చీటీల రాబడి శీతకాలపు రాబడితో పోల్చిన స్వల్పమే. అయినను తీగమార్గము నడిపించువానికి, సైకిళ్ళు బాగుచేయువానికి, దారి చూపు శిక్షకునికి, రొట్టెల అంగడివానికి ఆ మూడు నాలుగు మాసములును ఊరిలోనే పని దొరకును. పని దొరకిన ఇంటివారు ఊరు విడువరు; ఊరు విడువని ఇంటి పిల్లలతో బడి నిలుచును.

మంచు ఆకాశము కురియు ధనము. బాట అట్టిది కాదు. వసంతమున మంచు కరగిన వెంటనే పారలు పట్టుకొని పనివారు కొండయెక్కుదురు. కొట్టుకొనిపోయిన మట్టిని మరల పోయుదురు, పూడిన పల్లములను త్రవ్వి నీటికి త్రోవ విడుతురు. తొలి సైకిలు కొండపైకి చేరుటకు ముందే ఆ పని ముగియవలెను.