మినోటార్ ఎవరి రాక్షసుడు?



మాస్టారి స్మారక సభలో మాట్లాడమని పిలవడం నాకు గౌరవమే. ఆయన పాండిత్యం గురించి ముందు మాట్లాడినవారు చెప్పారు, నేను మళ్లీ చెప్పను. నాకు గుర్తున్న మాస్టారు గ్రీకు రచయిత ప్లూటార్క్ పుస్తకం నా దగ్గర పట్టుకెళ్లి తిరిగివ్వని మనిషి. అడిగితే "నువ్వు చదివేశావుగా, ఇంకెందుకయ్యా?" అనేవారు. ఆ పుస్తకం మార్జిన్ల నిండా పెన్సిలుతో నన్ను తిట్టిపోశారని తర్వాత వాళ్లమ్మాయి చెప్పింది. మినోటార్ కథ మీద ఆ తగువులో నా వంతు ఇవాళ వినిపిస్తాను.

కథ మీకు తెలిసిందే. క్రీట్ రాజు మినోస్ సముద్రదేవుడు పంపిన ఎద్దును బలివ్వకుండా దాచుకోవడం, రాణి పసిఫే దాన్ని మోహించడం, ఎద్దుతలతో మినోటార్ అనే బిడ్డ పుట్టడం, డెడలస్ కట్టిన చిక్కుదారుల భవనం, ఆ మినోటార్‌కు ఆహారంగా ఏథెన్స్ పంపిన కుర్రకారు, మినోస్ కూతురు అరియాడ్నే ఇచ్చిన దారపుండ, ఏథెన్స్ వీరుడు థీసియస్ గెలుపు.

నా పేచీ 'హేడీస్' అనే వీడియో గేమ్ గురించి. సూపర్‌జయంట్ గేమ్స్ అనే అమెరికన్ సంస్థ 2018 చివర్లో తొలిరూపాన్ని, 2020లో పూర్తి ఆటను విడుదల చేసింది. 2021లో దానికి హ్యూగో పురస్కారం కూడా వచ్చింది. పాతాళరాజు కొడుకు జాగ్రియస్ ఇల్లు విడిచి పైకి పోవాలని చూస్తాడు, చచ్చిన ప్రతిసారీ మళ్లీ ఇంట్లోనే తేలతాడు. దారిలో ఈలిసియం అనే వీరస్వర్గం. అక్కడి గోదాలో ఇద్దరు అడ్డు తగులుతారు: థీసియస్, అతని పక్కనే మినోటార్. ఇద్దరిదీ ఒకే జట్టు! థీసియస్ డాలు చాటున నిలబడి ఈటె విసురుతూ, ఆపకుండా గొప్పలు పోతాడు. బలం సగానికి పడిపోతే దేవుళ్లను పిలుచుకుంటాడు. ఆట ఆస్టీరియస్ అని పిలిచే మినోటార్ మాత్రం తల వంచి గోదా అంతా దూసుకొస్తాడు గాని, మాట్లాడితే రెండు ముక్కలు, అదీ మర్యాదగా. మా మనవడు అంటాడు: "తాతయ్యా, ఆ థీసియస్ రాజుగారి నోరు మూయించడానికే నేను ఆడుతున్నాను."

ఈ ఆట గురించి నేను రాసిన వ్యాసానికి మాస్టారి శిష్యుల్లో ఒకాయన, నాకూ మిత్రుడే, ఘాటుగా జవాబిచ్చారు. రాక్షసుడి మీద జాలి నేటి అమెరికా సరుకనీ, అసలు కథలో మినోటార్ మృగమేననీ ఆయన వాదన. మాస్టారిదీ అదే మాట: మూలకథ ఒకటే, మిగిలింది కలుపుమొక్కలు.

ఏది మూలకథ? 'ఒడిస్సీ' పదకొండో సర్గలో అరియాడ్నే ఉంది, థీసియస్ ఉన్నాడు, మినోటార్ ఊసే లేదు. మనం పిల్లలకు చెప్పే కథ వరసగా దొరికేది అపొలోడోరస్ పేరున్న సంగ్రహంలో. అది రోమన్ల కాలపు పుస్తకం. నేను చూపించబోయే ప్లూటార్క్ ఆలస్యంగా వచ్చాడు గనక అతని సాక్ష్యం చెల్లదంటే, ఇదీ చెల్లదు. పైగా ఆ సంగ్రహమే ఎద్దుతల బిడ్డకు ఆస్టీరియస్ అని పేరు చెబుతుంది. అమెరికావాళ్లు పెట్టిన పేరు కాదది.

ప్లూటార్క్ థీసియస్ చరిత్రలో పదిహేను, పదహారు ప్రకరణాలు తీయండి. క్రీట్ వాళ్లు ఈ కథను ఒప్పుకోలేదని ఫిలొకోరస్ అనే చరిత్రకారుడు రాసినట్టు చెబుతాడు. వాళ్ల లెక్కలో ఆ భవనం ఒక జైలు, అంతే. ఎద్దుతల మృగం లేదు, ఉన్నది టారస్ అనే మినోస్ సేనాని. అరిస్టాటిల్ కూడా ఆ కుర్రవాళ్లను ఎవరూ చంపలేదనీ, క్రీట్‌లో ఊడిగం చేస్తూ ముసలివాళ్లయ్యారనీ నమ్మాడు. నా మిత్రుడు పట్టించుకోని సంగతి ఒకటుంది. ఫిలొకోరస్ క్రీట్ మనిషి కాదు, ఏథెన్స్ వాడు. శత్రువు ఫిర్యాదును సొంత ఊరివాడే రాసిపెట్టాడు. మినోస్ చెడ్డపేరంతా ఏథెన్స్ నాటకశాలల పుణ్యమేనని, గట్టి నోరూ రాతా ఉన్న ఊరితో వైరం పెట్టుకున్నవాడి గతి అంతేనని ప్లూటార్క్ కూడా ఒప్పుకుంటాడు.

ఆ నాటకశాలలోనూ ఒకడు ఎదురు తిరిగాడు. యూరిపిడీస్ రాసిన 'క్రీట్ వాసులు' ముక్కలుగా మిగిలింది. అందులో పసిఫే మొగుణ్ణి నిలదీస్తుంది: దేవుడికి మొక్కి మాట తప్పింది నువ్వు, శిక్ష నాకు పడింది అని. పాసేనియస్ అనే గ్రీకు యాత్రారచయిత అయితే ట్రోజెన్ ఊరి గుడి గురించి చెబుతూ, థీసియస్ గెలిచింది మినోస్ కొడుకు ఆస్టీరియన్ మీద అని రాసి ఊరుకుంటాడు. అక్కడ కొమ్ముల ప్రసక్తి లేదు.

ఇవన్నీ మాటలు, బొమ్మ చూపించమంటారా? ఇటలీలోని వుల్చిలో దొరికిన ఎట్రుస్కన్ పానపాత్ర ఒకటి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దానిది. గిన్నె లోపల పసిఫే కూర్చుని ఉంది, ఒళ్లో ఎద్దుతల పసివాడు. ఇది వెక్కిరింపు బొమ్మ అంటాడు నా మిత్రుడు. కావచ్చు. అయినా ఆ వెక్కిరింపులో కూడా ఎవరూ కత్తి దూయలేదు, బిడ్డ తల్లి ఒడిలోనే ఉన్నాడు.

థీసియస్, ఆస్టీరియస్ చచ్చాక స్నేహితులయ్యారని ఏ గ్రీకు రచనలోనూ నేను చూడలేదు. అది ఆటవాళ్ల సొంత కల్పన. కల్పన అని నా వ్యాసంలోనే రాశాను, మిత్రుడు ఆ పేరా వదిలేసి చదివారు.

మూలకథ ఒక్కటే కాదు గనకే మూడేళ్లుగా ఒక పని మీద ఉన్నాను. థీసియస్ కథకు దొరికిన ఆధారాలన్నిటినీ తెలుగు చేసి, పక్కపక్కన వేస్తున్నాను. క్రీట్ వాళ్ల మాటను పేజీ అడుగున చిన్న అక్షరాల్లో కాక, ఏథెన్స్ మాటకు ఎదురుగా, అదే సైజులో పెట్టించాను. ప్రచురణకర్తకు ఖర్చు ఎక్కువైందని బాధ. చివరి అధ్యాయం ఈ వీడియో గేమ్ మీద, అది తీసేయమని ఆయన, తీయనని నేను. ఇంకా తేలలేదు. యూరిపిడీస్ ముక్కలు మాత్రం నాకున్న గ్రీకుకు లొంగడం లేదు. రాతప్రతి పాడైపోయిన చోట్ల ఇంగ్లిషు అనువాదాలు తలో దారి పట్టాయి. ఈ సభలో గ్రీకు బాగా వచ్చినవారెవరైనా ఉంటే, భోజనాలకు లేచేముందు నన్ను కలవండి, కాగితాలు సంచిలోనే ఉన్నాయి.