పాత పికప్పు బండిలో హీటరు కోరు మార్చుట
(మైదుకూరు ప్రాంతపు వాహన యజమానులను, డ్రైవర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మైదుకూరు నాలుగు మార్గముల కూడలి. ప్రొద్దుటూరు, కడప, బద్వేలు, నంద్యాల బాటలు ఇచట కలియుచున్నవి. కె.సి. కాలువ క్రింద పండిన వరియైనను, పసుపైనను, ఒకప్పుడు ఎడ్లబండిమీద మార్కెట్టుకు పోయెడిది. నేడు పికప్పు బండి మీద పోవుచున్నది. అట్టి బండ్లలో పలువురి చేతులు మారి, పది పదునైదేండ్లు నడచినవి మన గ్రామములలో అనేకము కలవు. ఆ బండి రోడ్డుమీద ఆగిపోయినచో ఆ యింటి సంపాదన ఆగినట్లే. కనుక ఆ బండిలో కంటికి కనబడని ఒక చిన్న భాగమును గూర్చి నేడు మాటలాడుకొందము. దాని పేరు హీటరు కోరు.

కడప జిల్లాలో హీటరు ఏల యని మీరు నవ్వవచ్చును. మే మాసమున 40 డిగ్రీలు దాటు ఈ సీమలో హీటరు మీట త్రిప్పు డ్రైవరు ఎవ్వడును ఉండడు. కాని హీటరు అమర్చిన బండ్లలో చాలవాటియందు, మీట త్రిప్పినను త్రిప్పకున్నను, ఇంజనులోని వేడినీరు ఆ కోరుగుండా ప్రవహించుచునే యుండును. మీట చేయు పని గాలిని అటు మరల్చుట మాత్రమే. అనగా మనము ఎన్నడును వాడని వస్తువు మన బండిలో అరుగుచు, తుప్పు పట్టుచు, ఒకనాడు కారుట మొదలిడును.

హీటరు కోరు అనునది ఒక పిల్ల రేడియేటరు. డాష్‌బోర్డు వెనుక ఒక పెట్టెలో ఉండును. ఇంజనుకును క్యాబినుకును నడుమనున్న రేకు గోడను దాటి రెండు రబ్బరు గొట్టములు దానిని చేరును. ఒకదానిలో వేడినీరు వచ్చును, రెండవదానిలో తిరిగి పోవును. ఇది కారుచున్నదని తెలియుటకు గుర్తులు కలవు. ఎడమవైపు కూర్చున్నవాని కాళ్ల క్రింద చాప తడియును. ఆ తడి వ్రేళ్లకు జిడ్డుగా తగులును. ముందు అద్దమునకు లోపలివైపున మసక పొర పట్టి, గుడ్డతో తుడిచినను మరల పట్టును. క్యాబినులో ఒక తీపి వాసన వచ్చును. బండి క్రింద నేల పొడిగానే యుండి, సీసాలో కూలెంటు మాత్రము దినదినము తగ్గును. డ్రైవరు నీళ్లు పోసి పోసి విసుగు చెందును, కారణము తెలియదు. ఇంజను వేడిగానున్నప్పుడు రెండు గొట్టములను జాగ్రత్తగా తాకి చూచినచో, ఒకటి కాలుచు రెండవది చల్లగా నున్న యెడల కోరు పూడిపోయినదని అనుమానింపవలెను.

ఇది ఏల చెడును? మన నేల స్వభావమునందే కొంత కారణము కలదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతములు సున్నపురాతికి ప్రసిద్ధములు. సిమెంటు కర్మాగారములు అచటికి వచ్చుటకు ఆ రాయియే కారణము. అట్టి నేలలోని బోరునీటియందు సున్నము కరగియుండును. నీళ్లు కాచు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన స్త్రీలందరు ఎరిగినదే. ఆ బోరునీటినే రేడియేటరులో పోసినచో అదే పెచ్చు లోపలి సన్నని గొట్టములలో కట్టును. అన్నిటికంటె సన్నని గొట్టములు హీటరు కోరువే గనుక ముందుగా పూడునవి అవియే.

మరియొక కారణము చెప్పిన మీకు కోపము రావచ్చును. రేడియేటరు కారినప్పుడు పిడికెడు పసుపు పొడి అందులో వేయు అలవాటు మన డ్రైవర్లలో కలదు. పసుపు పండించు సీమలో దానికి కొరతయు లేదు. ఆ పొడి నీటిలో ఉబ్బి చిల్లిని మూయును, బండి ఇల్లు చేరును. నడిరాత్రి నిర్జన మార్గమున ఆ ఉపాయము మంచిదే, మేము కాదనము. కాని ఇల్లు చేరిన పిమ్మట దానిని కడిగివేయువారు అరుదు. చిల్లిని మూసిన పసుపు మంచి గొట్టములను సైతము మూయును. కొన్ని నెలలకు గువ్వలచెరువు ఘాటు ఎక్కునపుడు ఇంజను కాగిపోయి, హెడ్డు గ్యాస్కెట్టు పోవును. పిడికెడు పసుపుతో మిగిలిన రూకలు నాడు వేలకు వేలై ఎదురువచ్చును.

ఇక ప్రాణముల మాట. కూలెంటులో సాధారణముగా నుండు ఎథిలీన్ గ్లైకాల్ తీపిగా నుండు విషము. మూత్రపిండములను చెరచును. దీని జాతికే చెందిన డైఎథిలీన్ గ్లైకాల్ కలిసిన ఔషధమును త్రాగి 1937లో అమెరికాలో 100 మందికి పైగా మరణించిరి. కావున తీసిన ద్రవమును నేలపై పారబోయరాదు, కుక్కలు నాకును. పశువుల తొట్టి దగ్గర ఉంచరాదు. తాగునీటి సీసాలలో పోసి ఇంట పెట్టుట అన్నిటికంటె ప్రమాదము. పిల్లలెవరైన త్రాగిరని అనుమానము కలిగినను, లక్షణములకై వేచియుండక, ఆ డబ్బాతో సహా ఆస్పత్రికి తీసికొని పోవలెను. మొదటి గంటలలో చేయు చికిత్స ఎక్కువగా ఫలించును.

కోరు మార్చు పద్ధతి ఇది. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే పనికి దిగవలెను. వేడి మీద రేడియేటరు మూత తీసి ముఖము కాల్చుకొన్నవారు ప్రతి ఊరను కలరు. బ్యాటరీ నెగెటివు తీగ విప్పి, కూలెంటును వెడల్పు పాత్రలోనికి దించవలెను. రేకు గోడ వద్ద రెండు గొట్టముల క్లిప్పులు విప్పవలెను. పాత రబ్బరు అతుక్కొని రాకున్నచో బలముగా మెలిపెట్టరాదు. కోరు ముక్కు విరుగును. రబ్బరును కత్తితో నిలువుగా కోసి తీయుట మేలు, గొట్టము ఎటులైనను మార్చవలసినదే. పిదప డాష్‌బోర్డు భాగములు విప్పి, మరలను ఏ చోటివి ఆ చోటుకు వేరుగా నుంచి, పెట్టె తెరచి కోరును బయటికి లాగవలెను. ఏ.సి. గొట్టములు కూడ ఆ పెట్టెకే చేరియున్నను, ఎయిర్ బ్యాగు ఉన్నను స్వయముగా చేయి పెట్టక తెలిసిన మెకానిక్కుకు అప్పగింపుడు.

తీసిన పాత కోరు ఇత్తడిదైనచో అతుకు వేయించి వాడవచ్చును. అల్యూమినియముదైనచో అతుకు నిలువదు. క్రొత్తది కొనునపుడు పాతదానిని వెంట తీసికొని పోయి, కొలతలను, ముక్కుల వంపును సరిపోల్చుకొనవలెను. బిగించుటకు ముందు ఇంజనును, రేడియేటరును మంచినీటితో పలుమారు కడుగవలెను. ఇది విడిచినచో పాత పెచ్చు క్రొత్త కోరును కూడ పూడ్చును.

కోరు దొరకని యెడల, లేక ఖర్చునకు వెనుదీయు యెడల, ఇంజనునుండి వచ్చు గొట్టమును తిరిగి పోవు గొట్టముతో ఒకే వంపు గొట్టము ద్వారా కలుపవచ్చును. మన ఎండలకు ఇదియే చాలునని మా అభిప్రాయము. వానకాలమున అద్దము మసకలు విడుచుట మాత్రము కొంత ఆలస్యమగును. గొట్టమునకు కొయ్యబిరడా కొట్టి వదలుట తగదు. నీటి ఒత్తిడికి అది ఎగిరిపోవును.

ముఖ్యమైనది నింపుట. బోరునీరు వలదు. డిస్టిల్డు నీటితో కూలెంటును డబ్బాపై వ్రాసిన పాళ్లలో కలిపి పోయవలెను. మనకు నీరు గడ్డకట్టదు గదా, కూలెంటు ఏల యనుట పొరపాటు. అందులోని మందులు తుప్పును ఆపును, నీరు మరుగు వేడిని పెంచును. బండి ముందుభాగము ఎత్తుగా నిలిపి, హీటరు మీటను వేడి వైపు త్రిప్పి, మూత తీసి ఇంజనును నడపినచో లోపలి గాలి బుడగలుగా వెలికి వచ్చును. తగ్గినకొలది పోయవలెను. డాష్‌బోర్డు మూయకముందే రెండు క్లిప్పుల వద్దను, కోరు క్రిందను తడి కలదేమో దీపము పెట్టి చూడవలెను.

మొదటి వారము ప్రతి ఉదయము ఇంజను నడపకముందు సీసాలోని గీతను చూడుడు. ఒకటి రెండు దినములు కొంచెము తగ్గుట మిగిలిన గాలి వలన కావచ్చును. మూడవనాడును తగ్గుచున్నచో క్లిప్పులను మరల బిగించి, చాప ఎత్తి చూడవలెను.