ఎంపీత్రీ పేటెంట్లు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పంపిణీ: ఒక చరిత్ర

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ విద్వాంసులు గ్రంథ చరిత్రను రచయిత దగ్గర ఆపకుండా పాఠకుడి చేతిదాకా పరిశోధించినవారు కనుక, ఆడియో, వీడియో సాఫ్ట్‌వేర్‌పై పేటెంట్లు చూపిన ప్రభావాన్ని కూడా పంపిణీ వైపు నుంచే పరిశీలించడం సముచితం. కాపీరైట్ రచనకు, పేటెంటు పద్ధతికి వర్తిస్తాయని, అందువల్ల సొంతంగా రాసిన ప్రోగ్రాముకూ పేటెంటు అడ్డు రాగలదని సభికులకు తెలిసినదే. గిఫ్ బొమ్మలపై యూనిసిస్ 1994లో లేవదీసిన రుసుముల తగాదా ఎన్నోసార్లు విన్న కథ, దాన్ని దాటిపోవచ్చు.

అసలు ఘట్టం 1998 సెప్టెంబరులో మొదలైంది. ఎంపీత్రీ రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన జర్మనీ సంస్థ ఫ్రౌన్‌హోఫర్, ఎన్‌కోడర్లను, అంటే ధ్వనిని ఆ రూపంలోకి కుదించే ప్రోగ్రాములను, రాసి పంచుతున్నవారికి లైసెన్సు తీసుకోవాలంటూ లేఖలు పంపింది. కాపీకింత అనే రుసుము, ఎన్ని కాపీలు తిరుగుతున్నాయో ఎవరూ లెక్కపెట్టని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పొసగదు. పైగా, అందుకున్న ప్రతివారూ రుసుము లేకుండా తిరిగి పంచుకునే వీలు లేనప్పుడు అసలు పంచనే కూడదని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు అయిన జీపీఎల్ రెండో వెర్షన్ ఏడో నిబంధన శాసిస్తుంది కాబట్టి, ఆ లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రాములకు ఒక పంపిణీదారు డబ్బు కట్టి తన మట్టుకు గట్టెక్కే దారి కూడా మూసుకుపోయింది.

అదే ఏడాది మైక్ చెంగ్ ప్రారంభించిన లేమ్ అనే ఎంపీత్రీ ప్రోగ్రాము తొలినాళ్లలో పూర్తి ఎన్‌కోడరే కాదు. ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఇచ్చిన ఎంపీత్రీ నమూనా కోడ్‌లో చేయవలసిన మార్పులు మాత్రమే ఉన్న ప్యాచ్. దాన్ని దించుకున్నవారు నమూనా కోడ్‌ను విడిగా సంపాదించి, రెంటినీ కలిపి కంపైల్ చేసుకుంటే తప్ప ఒక్క పాటైనా కుదించలేకపోయేవారు. ఆ అవస్థకు కారణం నమూనా కోడ్‌పై ఉన్న కాపీరైట్. 2000 మే నాటికి నమూనా కోడ్ ఆనవాళ్లు పూర్తిగా తొలగిపోవడంతో అది తీరింది. అయినా ప్రాజెక్టు సోర్స్‌కోడ్‌నే, అంటే మనిషి చదవగల పాఠాన్నే, ఇస్తూ, నేరుగా నడిచే బైనరీలను ఇవ్వకుండా ఉండిపోవడానికి కారణం పేటెంటు. ఈ రెండు కారణాలను కలగాపులగం చేసే చరిత్రకారులు కొందరైతే, ఫ్రౌన్‌హోఫర్ లేఖే రాకపోతే, పేటెంటు రుసుము లేని ధ్వని రూపం ఓగ్ వోర్బిస్ వచ్చేది కాదు గనుక పేటెంట్లు సృజనకు ఊతమిచ్చాయని వాదించేవారు మరికొందరు. క్రిస్టఫర్ మాంట్‌గొమరీ ఆ లేఖ తర్వాతే వోర్బిస్ పని అందుకున్నమాట నిజం. కానీ వరద వచ్చింది కనుకే వంతెన కట్టారని వరదకు సన్మానం చేయడం చరిత్ర రచన అనిపించుకోదు. కోడ్ రాసేవారు ఎన్నడూ ఆగలేదు, ఆగినది పంపిణీ. వోర్బిస్ 1.0 వెలువడిన 2002లోనే రెడ్‌హ్యాట్ లినక్స్ 8.0 ఎంపీత్రీ మద్దతును తొలగించుకుని వచ్చింది: వాడుకరి దగ్గర పాటలున్నాయి, ప్లేయరుంది, వాటిని విప్పే డీకోడర్ లేదు. జనం పోగుచేసుకున్నవి ఎంపీత్రీలే కనుక వోర్బిస్ ఎంత మేలైనదైనా ఆ లోటు పూడ్చలేకపోయింది.

పేటెంట్లు దేశానికో తీరుగా చెల్లుతాయి గనుక, దీనితో ప్రోగ్రాము గుణం కన్నా సర్వర్ ఏ దేశంలో ఉన్నదన్నది ముఖ్యమైంది. వీడియో ప్లేయరు వీఎల్‌సీ, సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు చోటివ్వని ఫ్రాన్స్‌ను ఆధారం చేసుకుంది. ఐరోపా పార్లమెంటు 2005 జూలై 6న సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ముసాయిదాను 648–14 ఓట్లతో తోసిపుచ్చింది. కంప్యూటర్ ప్రోగ్రాముకు, అదొక్కటిగా, పేటెంటు ఇవ్వరాదనే భారత పేటెంటు చట్టంలోని 3(కె) నిబంధనను సడలించబోయిన 2004 ఆర్డినెన్సు అంశాన్ని మరుసటి ఏటి సవరణ వదిలేసింది.

సమయాభావం వల్ల తరువాతి దశలను క్లుప్తంగా ముగించవలసి ఉంది. 2013లో సిస్కో, హెచ్.264 వీడియో పద్ధతికి తాను ఇచ్చే ప్రోగ్రాము ఓపెన్‌హెచ్264 పేటెంటు రుసుమును తానే భరిస్తానని ప్రకటించినా, ఆ రక్షణ సిస్కో అందించే బైనరీకే తప్ప ఎవరికివారు కంపైల్ చేసుకున్న కాపీకి లేదు. 2017 ఏప్రిల్‌లో ఎంపీత్రీ లైసెన్సింగ్ ముగియగానే లినక్స్ పంపిణీ ఫెడోరా ఎన్‌కోడర్‌ను చేర్చుకుంది. రుసుము లేని వీడియో రూపం ఏవీ1 2018లో వచ్చింది. 2022లో అదే ఫెడోరా, పేటెంట్ల కారణంగా మీసా గ్రాఫిక్స్ ప్యాకేజీ నుంచి హెచ్.264, హెచ్.265 హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను తీసివేయగా, కావలసినవారు దాన్ని ఫెడోరాకు బయటి భాండారమైన ఆర్పీఎం ఫ్యూజన్ నుంచి తెచ్చుకుంటున్నారు.