విమానవాహక నౌక మనకు కావలెనా?

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఉత్సవ దినమున యుద్ధ నౌకల ప్రసంగ మేల యని మీలో కొందరనుకొనవచ్చును. మన వాకిటికి కొలది దూరముననే సముద్రమున్నది. దానికి కావలి యెట్లుండవలెనో, ఆ కావలికి మన మెంత ధనము వెచ్చింపవలెనో ఆలోచించుట పౌరుల ధర్మము. మీరు రేపటి పౌరులు. కావున ఈ విషయము నెంచుకొంటిని.

మన హైకోర్టు ప్రహరీగోడకు ఒక ఫలకము కలదు. మీలో ఎందరు దానిని చదివితిరో యెరుగను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మనీవారి ఎమ్‌డెన్ అను యుద్ధనౌక చెన్నపురి రేవు ముందు నిలిచి, కొలది నిమిషములలో నూటికి పైగా గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ నూనె తొట్లను తగులబెట్టి, చీకటిలో కలిసిపోయెను. ఒక్క నౌకకు ఊరంతయు వణకెను. నేటికిని మన తమిళ సోదరులు గడుసరివానిని 'ఎమ్‌డెన్' అందురు.

ఆ నౌక గుండు తగులునంత దూరమునకు రావలసి వచ్చెను. తరువాతి తరమున ఆ యవసరము గూడ లేకపోయెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు వేసినవి. అవి యే భూమి మీది విమానాశ్రయము నుండియు వచ్చినవి కావు. ర్యూజో అను విమానవాహక నౌక వానిని మన తీరమునకు మోసికొని వచ్చెను. ఆ దినములలో చెన్నపురి జనులు మూటముల్లె కట్టుకొని, రైళ్ళకెక్కి, లోపలి యూళ్ళకు తరలిపోయిరి. మీ యిండ్లలో పెద్దలు ఈ కథ చెప్పుకొనుట మీరు వినియుండవచ్చును.

ఇది విమానవాహక నౌక శక్తి. దాని బలహీనత గూడ ఆ వారముననే బయటపడెను. ఏప్రిల్ 9వ తేదీన సింహళ తీరమున బ్రిటిషువారి హెర్మెస్ అను విమానవాహక నౌక జపాను విమానముల బాంబులకు మునిగిపోయెను. ఆనాడు దాని విమానములు ఒడ్డుననే యుండిపోయినవి. నౌక మీద ఒక్కటియు లేదు. మూడు వందలకు పైగా మనుష్యులు ప్రాణములు కోల్పోయిరి. విమానములు లేని విమానవాహక నౌక బాణములు లేని అమ్ములపొది వంటిది.

ఇక మన దేశపు అనుభవమును చూతము. బ్రిటన్‌లో సగము కట్టి విడిచిన యొక నౌకను మన ప్రభుత్వము 1957లో కొని, పూర్తి చేయించి, విక్రాంత్ అను పేరుతో 1961 మార్చి 4వ తేదీన బెల్‌ఫాస్ట్ నగరమున నౌకాదళమున చేర్చెను. 1965లో యుద్ధము వచ్చినప్పుడు అది మరమ్మతులలో నుండి కదలలేకపోయెను. ఒక్కటే యున్నవానికి, అది మరమ్మతుకు పోయిన దినమున ఏమియు లేనట్లే.

1971లో దాని బాయిలరున పగులేర్పడి వేగము తగ్గియుండెను. అయినను దానిని బంగాళాఖాతమునకు పంపిరి. దానిని ముంచుటకై పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ దాపునకు వచ్చెను. మనవారు విక్రాంత్ విశాఖ చెంతనే యున్నదను భ్రమ కల్పించి, నౌకను అండమానుల చాటున నుంచిరి. డిసెంబరు 3, 4 తేదీల నడిరేయి ఘాజీ విశాఖ రేవు వెలుపల మునిగిపోయెను. విక్రాంత్ విమానములు కాక్స్ బజారు, చిట్టగాంగుల మీద దాడి చేసి, తూర్పు పాకిస్తానుకు సముద్రపు దారి మూసివేసినవి. విజయము గొప్పదే. కాని ఒక్క జలాంతర్గామికి వెరచి అంత పెద్ద నౌకను దాచవలసి వచ్చెనను సంగతి మరువరాదు.

ఐరోపాలోని మధ్యతరగతి నౌకాదళములకును ఇదే చిక్కు. హాలెండువారు తమ కారెల్ డోర్మన్ నౌకను 1968లో అర్జెంటీనాకు అమ్మివేసిరి. 1982లో ఫాక్లండ్ దీవుల యుద్ధమున బ్రిటిషు జలాంతర్గామి అర్జెంటీనా క్రూయిజరు బెల్‌గ్రానోను ముంచినంతనే, ఆ విమానవాహక నౌక తీరమునకు మరలిపోయి మరల యుద్ధమునకు రాలేదు. అదే యుద్ధమున బ్రిటిషువారి కొత్త హెర్మెస్, తగిన పరివారముతో, స్వదేశమునకు వేల మైళ్ళ దూరమున పోరు నడిపెను. ఆ హెర్మెస్సే 1987 నుండి 2017 వరకు మన విరాట్. నౌక జాతి ఒక్కటే; పరివారమున్న నౌక గెలిచెను, లేని నౌక రేవు చేరెను. ఫ్రాన్సుకు షార్ల్ ద గోల్ అను నౌక ఒక్కటే కలదు. 2017లో అది పెద్ద మరమ్మతులకు పోగా, ఆ దేశమునకు నెలల తరబడి సముద్రము మీద విమానవాహక నౌకయే లేకపోయెను.

నేడు మనకు రెండు కలవు. ఒకటి 2013లో చేరిన విక్రమాదిత్య. రెండవది కొచ్చిలో మనవారే కట్టగా 2022 సెప్టెంబరు 2వ తేదీన చేరిన కొత్త విక్రాంత్. దీనికి సుమారు 20,000 కోట్ల రూపాయలైనవి. నౌకాదళమునకై 26 రఫేల్ విమానములు కొనుటకు 2025 ఏప్రిల్‌లో కుదిరిన ఒడంబడిక విలువ సుమారు 63,000 కోట్లు. విద్యార్థులారా, ఈ లెక్కను గమనింపుడు: ఓడ కంటె దాని మీది విమానముల ఖర్చు మూడింతలు. ఓడ కట్టుట తొలి మెట్టు మాత్రమే.

మూడవ నౌక కూడ కావలెనని నౌకాదళము కొన్నేండ్లుగా కోరుచున్నది. ఆ ధనముతో జలాంతర్గాములు కట్టుట మేలని వేరొక పక్షము. మన నగరమునకు పడమటనున్న అరక్కోణము నుండి 2013 మొదలుగా పి-8ఐ విమానములు సముద్రమును గాలించుచున్నవి; అండమానులు ఎవరును ముంచలేని విమానాశ్రయములు. 2022లో ఒడ్డు నుండి ప్రయోగించిన క్షిపణులకు రష్యావారి మోస్క్వా యుద్ధనౌక మునిగినది. ఈ మాటలు తోసివేయదగినవి కావు.

అయినను ఒక చిక్కున్నది. పదుమూడేండ్లు శ్రమించి కొచ్చిలోని పనివారు సంపాదించిన నేర్పు, పని లేకున్న చెదరిపోవును. పిదప మరల మొదటినుండి నేర్వవలెను. విక్రమాదిత్య గర్భము 1982లో నీటిలో దిగినది. అది శాశ్వతముగా నుండదు.

కావున నా అభిప్రాయమిది. కట్టదలచిన నౌకను మూడవది యని పిలువక, విక్రమాదిత్యకు వారసురాలని పిలువవలెను. ఆ వయస్సు లెక్క చూచి ఇప్పుడే రూపకల్పన మొదలిడవలెను. ఈలోగా మిగులు ధనము జలాంతర్గాములకు, జలాంతర్గాములను వేటాడు హెలికాప్టర్లకు, వెంట నడచు రక్షక నౌకలకు పోవలెను. అరకొర పరివారముతో మూడు నౌకల కంటె, నిండు పరివారముతో రెండు మేలు. సింహద్వారమునకు ఏనుగు దంతము పొదిగి, పెరటి తలుపునకు గడియ లేని యిల్లు ఎవరికి సుఖము?

నా మాట పొరపాటని తోచినవారు మీలో నుందురు. వారు లెక్కలు తీసి, పటము ముందుంచుకొని, నన్ను ఖండింపవలెనని కోరుచున్నాను. ఎమ్‌డెన్ వచ్చిన రాత్రి, జపాను విమానములు వచ్చిన పగలు, మన పెద్దలకు ఈ విషయములను ఆలోచించు అధికారము లేదు. పరాయి ప్రభుత్వము వారికై ఆలోచించెను. నేడా యధికారము మనది. సాయంకాలము బీచికి పోయినప్పుడు ఆ ఫలకము చదివి, తూర్పు దిక్కు ఒకసారి చూడుడు.