గ్లాసు పప్పు, రెండు వంటకాలు

నెలాఖరులో సరుకుల డబ్బాలు అడుగంటుతుంటే ఎవరికైనా దిగులే. అయినా, ఉన్నదాన్ని ఒడుపుగా వాడుకుంటే ఇంటిల్లిపాదికీ కడుపునిండా పెట్టవచ్చు.

గ్లాసు కందిపప్పును అరగంట నానబెట్టండి. త్వరగా ఉడుకుతుంది, గ్యాసు కలిసివస్తుంది. నీళ్లు కాస్త ఎక్కువే పోసి ఉడికించి, పైన తేరిన కట్టు వంచుకోండి. అందులో చింతపండు పులుసు, మిరియాల పొడి వేసి, మరిగాక ఇంగువ పోపు పెడితే ఘుమఘుమలాడే కట్టుచారు. అడుగున మిగిలిన పప్పులో ఉడికించిన తోటకూర కలిపి, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో తాలింపు వేస్తే ఆకుకూర పప్పు. ఒక్క పొయ్యి మీద రెండు వంటకాలు.

ఉలవలనూ మరిచిపోకండి. 100 గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి పోపు పెడితే పిల్లలకు గుగ్గిళ్లు. ఉడికించిన నీళ్లు పారబోయకండి, వాటితోనే చారు కాచుకోవచ్చు. గుగ్గిళ్ల మీద నిమ్మరసం పిండితే వాటిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఖర్చు ఎక్కడ తగ్గించుకున్నా, పప్పు దగ్గర మాత్రం తగ్గించకండి. అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ అనే పోషకాన్ని పప్పే భర్తీ చేస్తుంది. ఎదిగే పిల్లలకు అది చాలా అవసరం.