పన్ను కాగితం వస్తే ఏం అడగాలి?

(అమ్రాబాద్ రైతు సభలో చేసిన ప్రసంగం)



కోర్టు అంటేనే మనకు భయం. వకీలు ఫీజు, పట్నం తిరుగుడు, వాయిదాలు. అందుకే ఇయ్యాల ఒక పాత కేసు చెప్తాను. మన రాష్ట్ర రైతులే వేసి, సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచిన కేసు. అందులో ఇప్పటికీ మనకు పనికొచ్చే సంగతులున్నాయి.

1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమిశిస్తు పెంచుతూ చట్టం తెచ్చింది. ఖుష్కి భూమికి ఉన్న శిస్తు మీద ఇంకో 75 శాతం వేసింది. తరి భూమికైతే, నీళ్లిచ్చే చెరువు కిందనో ప్రాజెక్టు కిందనో ఆయకట్టు ఎన్ని ఎకరాలుందో చూసి రేటు కట్టింది. పైగా ఎకరాకు ఇంతకు తగ్గొద్దని కనీస రేటు పెట్టింది.

అంతకు ముందు సర్వే చేసి, నేల రకం చూసి, పంట ఎంత వస్తదో అంచనా వేసి శిస్తు కట్టేవారు. ఆ శిస్తు బరువా తేలికా అన్నది వేరే మాట. నల్లరేగడికీ రాళ్ల చెలకకూ తేడా మాత్రం కాగితం మీద ఉండేది. కనీస రేటు వచ్చి ఆ తేడాను తుడిచేసింది. మన అమ్రాబాద్ గుట్టల మీద వాన కోసం మొగులు చూసే రైతుకు ఈ తేడా ఎంతో ఎవరూ చెప్పనక్కర లేదు.

రైతులు హైకోర్టుకు పోయారు. చట్టం చెల్లదని హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు పోయింది. 1967లో అక్కడా ఓడింది. నల్లా రాజారెడ్డి కేసు అంటే వకీళ్లకు ఎరుకే. తీర్పు ఇచ్చింది అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, మన తెలుగాయనే.

తీర్పులో రెండు మాటలు ముఖ్యం. ఒకటి, సమానం కాని భూములను సమానంగా చూసినా రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమే. ఆయకట్టు పెద్దదైనంత మాత్రాన నీళ్లు ఎక్కువ రోజులు పారవు, నేల మంచిదీ కాదు. రెండు, రైతుకు నోటీసు లేదు, చెప్పుకునే అవకాశం లేదు, లెక్క తప్పైతే అడిగే దారి లేదు. అంతా అధికారుల ఇష్టానికి వదిలేశారు.

దీనికి ముందే 1960లో కేరళ నుంచి ఇటువంటి కేసు వచ్చింది. అక్కడ ఏ భూమికైనా ఎకరాకు 2 రూపాయలు. 25 వేల ఎకరాల అడవి ఉన్నాయనకు ఏటా వచ్చేది 3,100 రూపాయలు, కట్టాల్సింది 50 వేలు. ఆ చట్టాన్నీ సుప్రీంకోర్టు కొట్టేసింది.

అట్లని పన్ను ఎక్కువైందని పోతే కోర్టు కొట్టెయ్యదు. ఎంత వెయ్యాలన్నది శాసనసభ చేతిలో ఉంటది. ఎట్ల వేశారు, ఎవరిని విన్నారు అన్నది కోర్టు చూస్తది. గెలిచినాక నిద్రపోయినా నష్టమే. అదే 1967లో ప్రభుత్వం శిస్తు పెంచడానికి ఇంకో చట్టం చేసింది. అందుకే కోర్టుతో పాటు సంఘం కూడా ఉండాలె.

ఇప్పుడు శిస్తు మాట తగ్గింది గానీ, రిజిస్ట్రేషన్ చార్జీలు, వ్యవసాయేతర మార్పిడి రుసుము, ఇంటి పన్ను ఉన్నాయి. ఏ కాగితం వచ్చినా నాలుగు మాటలు అడగండి.

ఏ చట్టం, ఏ సెక్షన్ కింద? చట్టం లేకుండా పన్ను వెయ్యొద్దని 265వ అధికరణం చెప్తుంది.

నా భూమికి విలువ ఏ లెక్కన కట్టారు? గుట్ట పక్క చెలకకూ రోడ్డు పక్క జాగకూ ఒకటే కట్టారా?

నన్ను ఎప్పుడు విన్నారు?

అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో?

నోటి మాట వద్దు, రాసివ్వండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. కాగితం ఏ తారీఖున అందిందో దాని మీదే రాసుకోండి. గడువు దాటితే ఎంత న్యాయమున్నా తలుపు మూసుకుంటది.

వకీలుకు పైసలు లేవని ఆగొద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచితంగా వకీలును పెడతారు. మన చెంచు పెంటల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? వచ్చే నెల సభలోపు ఒక్కొక్కరం ఒక్క పెంటకన్నా పోయి చెప్దాం.