నాచుమొక్కయు వెలుగు లెక్కయు

ముక్త్యాల రేవున, ప్రొద్దెక్కిన తరువాత, ఒడ్డు ప్రక్కన నిలిచిన తేటనీటిలోనికి వంగి చూచినవారికి ఒక చిన్న వింత కనబడును. అడుగున పెరిగిన నాచుమొక్కల నుండి వెండిపూసలవంటి బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి లేచుచుండును. ఎండకు మబ్బు అడ్డము వచ్చినచో పూసలదండ సన్నగిల్లును. మబ్బు తొలగినచో మరల సాగును. రేవులో గుడ్డలుతుకు వారికి ఇది క్రొత్త గాదు. దానిని లెక్కపెట్టవలెనను బుద్ధి మాత్రము లోకమునకు కొంత ఆలస్యముగా పుట్టినది.

1771లో ఇంగ్లండున ప్రీస్ట్లీ అను నతడు, క్రొవ్వొత్తి మండి చెడిన గాలిని పుదీనా మొక్క బాగుచేయునని కనుగొనెను. కాని ఆ ప్రయోగము ఒకప్పుడు ఫలించుటయు, మరియొకప్పుడు ఫలింపకపోవుటయు కలదు. కారణము తెలియరాలేదు. 1779 వేసవిలో ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు ఐదువందలకు పైగా ప్రయోగములు చేసి ఆ ముడి విప్పెను. నీట ముంచిన ఆకులు ఎండలో బుడగలు విడిచినవి; చీకటిలో మానినవి. అంతే కాదు, చీకటిలో మొక్కయు మనవలెనే గాలిని చెరచునని ఆయన చెప్పెను. ఈ రెండవ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మనకు తరువాత పని యున్నది.

ముక్త్యాల నుండి సీసాలో తెచ్చిన నాచుతో మేమును ఈ ప్రయోగము చేయబూనితిమి. శాస్త్రజ్ఞులు దీనిని హైడ్రిల్లా అందురు. మొదటి రాత్రి చక్కగా ఓడితిమి. మొక్కకు శుభ్రమైన నీరు ఉండవలెనని, కాచి చల్లార్చిన నీరు పోసితిమి. దీపమును ఎంత దగ్గరకు జరిపినను ఒక్క బుడగయు లేదు. దీపమును అనుమానించితిమి; మొక్కను అనుమానించితిమి; నీటిని మాత్రము అనుమానింపలేదు. మరునాడు నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొలుసు చూచిన పిదపగాని మాకు తెలివి రాలేదు.

మొక్క వెలుగును తిని బ్రతుకదు. వెలుగు బలముతో బొగ్గుపులుసు వాయువును, నీటిని కలిపి పిండిపదార్థము చేసికొని, ప్రాణవాయువును విడుచును. కిరణజన్య సంయోగక్రియ యనగా ఇదియే. జగ్గయ్యపేట, ముక్త్యాల ప్రాంతము సున్నపురాతి నేల. జగ్గయ్యపేట బౌద్ధస్తూపపు ఫలకములు సున్నపురాతివే; నేటి సిమెంటు కర్మాగారములకును ఆ రాయియే ఆధారము. బొగ్గుపులుసు వాయువు కలిసిన వాననీరు ఆ రాతిని కొంచెము కొంచెముగా కరగించి బైకార్బొనేటు రూపమున నీటిలో చేర్చును. హైడ్రిల్లా దానినిగూడ వాడుకొనగలదు. అట్టి నీరు కాగినప్పుడు వాయువు ఎగిరిపోవును. సున్నము పొలుసై గిన్నెకు పట్టును. మేము మొక్కకు దీపము పెట్టి, విస్తరి తీసివేసితిమన్నమాట.

రెండవ రాత్రి కాచని ఏటినీరు పోసితిమి. కాండమును నీటిలోపలనే కోసి, కోసిన కొన పైకి వచ్చునట్లు గరాటు క్రింద నుంచి, గరాటుపై నీరు నిండిన పరీక్షనాళికను బోర్లించితిమి. కిటికీలు మూసితిమి. దీపమును మొదట నలువది సెంటీమీటర్ల దూరమున నుంచి, పిదప ఇరువదికి, పిదప పదికి జరిపితిమి. దూరము సగమైనచో వెలుగు ఇంచుమించు నాలుగు రెట్లగును గదా! మొదటి జరుపునకు బుడగలు గబగబ వచ్చినవి. రెండవ జరుపునకు ఆ వేగము మరి పెరుగలేదు. అప్పుడు చిటికెడు వంటసోడా నీటిలో కలిపితిమి. దీపము కదలలేదు; బుడగలు మరల వడిపట్టినవి.

గోడ కట్టునప్పుడు మేస్త్రీలు పదిమంది యున్నను, సున్నము అందించు కూలి ఒక్కడే యైనచో గోడ ఎంత లేచును? వెలుగు చాలనప్పుడు వెలుగును బట్టియు, వెలుగు చాలినప్పుడు మరి యేది కొరవడినదో దానిని బట్టియు పని నడచును. 1905లో బ్లాక్‌మన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ నియమమును స్థాపించెను.

ఇందు మోసపోవుటకు చాల దారులు గలవు. దీపము దగ్గరకు వచ్చినకొలది నీరు వేడెక్కును. వేడియు బుడగలను పెంచును. అందుచే నడుమ నీళ్ళు నింపిన గాజుతొట్టి నొకదానిని ఉంచితిమి. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములతో ఈ చిక్కు చాలవరకు తగ్గినది. బుడగలన్నియు ఒక్క పరిమాణమున ఉండవు గనుక, వానిని లెక్కించుటకంటె నాళికలో చేరిన వాయువును కొలుచుట మేలు. ఈ హైడ్రిల్లాతోనే పరిశోధించిన జగదీశ చంద్ర బోసుగారు, కంటిని నమ్ముకొనక, తనంతట తాను గుర్తులు గీయు యంత్రమునే నిర్మించిరి. వారి గ్రంథము 1924లో వెలువడినది.

ఇది బడిపిల్లల ప్రయోగమని కొందరనవచ్చును. కైకలూరు ప్రాంతపు చేపలరైతు నడిగి చూడుడు. అతని చెరువునీటిలో కంటికి కనబడని పచ్చని మొక్కలు కోట్లకొలది యుండును. పగలు అవి విడుచు ప్రాణవాయువే చేపలకు పెద్ద ఆధారము. ఇంగెన్‌హౌస్ చెప్పినట్లు, చీకటి పడినంతనే ఆ మొక్కలును చేపలతోపాటు దానిని ఖర్చుచేయ మొదలిడును. మబ్బు పట్టిన దినమున పగటి రాబడి తగ్గును. రాత్రి ఖర్చు తగ్గదు. వరుసగా కొన్ని దినములు ముసురు పట్టినచో, తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచును. ఆ సమయమున రైతు ఆలస్యముగా లేచెనా, ఏడాది పెట్టుబడి నీటిపై తేలును.

ఎరువు ఎక్కువైన చెరువున చిక్కు మరియొక విధము. నీరు ఎంత పచ్చబడిన అంత మంచిదని తలచుట పొరపాటు. పైపొరలోని పచ్చదనమే వెలుగును మ్రింగివేయగా, క్రింది నీరు మిట్టమధ్యాహ్నమును చీకటిలో నుండును. నలుపు తెలుపు పూసిన బిళ్ళను త్రాటికి కట్టి దింపి, అది కనుమరుగగు లోతును జాగ్రత్తగల రైతులు చూచుచుందురు. ముసురు దినములలో మేత తగ్గింతురు. రాత్రి రెండు జాములు గడచిన పిదప గాలియంత్రములు త్రిప్పి, టార్చిలైటు పట్టుకొని గట్టు వెంబడి నడచుచు, తూర్పున వెలుగు వచ్చువరకు నీటివంక చూచుచుందురు.